పటాలమూ పొలమూ: దక్షిణ కమాండ్ చరిత్రలో తెలుగు నేల

సైన్యాల చరిత్రలు ఎక్కువగా సేనాధిపతులు రాసుకున్నవి, కాకపోతే వారి మెప్పు కోసం రాసినవి. వాటిలో పటాలాల నంబర్లు వుంటాయి, పతకాలు వుంటాయి, ఏ యుద్ధంలో ఏ దళం ఎటువైపు నిలిచిందో వివరంగా వుంటుంది. ఆ పటాలానికి జీతం ఎవరి పొలం నుంచి వచ్చింది, అందులో చేరినవాడు ఏ వూరివాడు, ఆ తుపాకి చివరికి ఎవరి వైపు తిరిగింది అన్న మూడు ప్రశ్నలకు మాత్రం వాటిలో జవాబు దొరకదు. సమాజ చరిత్రను సాహిత్యంతో కలిపి చదివేవారికి కావలసినవి ఆ మూడు ప్రశ్నలే.

పూనా కేంద్రంగా వున్న దక్షిణ కమాండ్ మన దేశంలోని పాత సైనిక మండలాల్లో ఒకటి. అది తన పుట్టుకను 1895 ఏప్రిల్ 1 నుంచి లెక్కించుకుంటుంది. ఆనాడు బెంగాలు, మద్రాసు, బొంబాయి రాజధానుల సైన్యాలను రద్దుచేసి పంజాబు, బెంగాలు, బొంబాయి, మద్రాసు అనే నాలుగు కమాండులు ఏర్పరచారు. 1907లో కిచెనర్ వీటిని ఉత్తర, దక్షిణ సైన్యాలుగా రెండు చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో మళ్ళీ నాలుగు కమాండులయ్యాయి. దక్షిణ కమాండుకు పూనా కేంద్రమయింది. కాగితం మీద చరిత్ర ఇంతే. కాని దాని వేళ్ళు అంతకు నూటయాభై ఏళ్ళ ముందటి మద్రాసు సైన్యంలో వున్నాయి. తెలుగు నేల ఆ సైన్యానికి మొదట మనుషుల్ని ఇచ్చింది, తర్వాత జీతమిచ్చింది, చివరికి దాని తుపాకికి ఎదురుగా నిలబడింది. ఇవి ఒకే కథలోని మూడు మెట్లని చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. తిలంగా అనే మాట

1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నాడు. దాన్ని తిరిగి సంపాదించటానికి ఆ అక్టోబరులో క్లైవు, వాట్సనుల నాయకత్వాన మద్రాసు నుంచి బయలుదేరిన ఓడల్లో సుమారు 1500 మంది కోస్తా సిపాయిలున్నారు. మరుసటేడు జూన్ 23న ప్లాసీలో కంపెనీ పక్షాన నిలిచినవాళ్ళలో వీళ్ళూ వున్నారు. అందరూ తెలుగువాళ్ళు కాకపోయినా, బెంగాలు జనం వీళ్ళను 'తెలింగా'లన్నారు. ఆ మాట అక్కడితో ఆగలేదు. ఉర్దూ, హిందీ భాషల్లో 'తిలంగా' అంటే కంపెనీ పద్ధతిలో కవాతు నేర్చిన సిపాయి అని స్థిరపడింది. నేపాలు దర్బారు తన కొత్త తరహా సైనికులకు కూడా అదే పేరు పెట్టింది. 1857లో మీరట్ నుంచి ఢిల్లీ చేరి తిరుగుబాటు జెండా ఎత్తిన సిపాయిలు ఎక్కువగా అవధ్ ప్రాంతపు రైతుబిడ్డలు. తెలుగు ముక్క ఎరగనివాళ్ళు. ఢిల్లీ పౌరులు వాళ్ళను కూడా తిలంగాలనే పిలిచారు.

ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరయింది. ఆ వృత్తి పరాయి కంపెనీకి తుపాకి మోయటం. దీన్ని చూసి మన శౌర్యానికి తార్కాణమని పొంగిపోయేవారూ వున్నారు, మన బానిసత్వానికి గుర్తని తలవంచుకునేవారూ వున్నారు. రెండూ తొందరపాటే. పద్దెనిమిదో శతాబ్దపు తెలుగు దేశంలో నవాబులు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు, జమీందారులు కలియబడి వూళ్ళను తొక్కుతుంటే, నెల జీతం చేతికొచ్చే కొలువు ఒక్క పటాలంలోనే కనపడింది. 1757 జనవరిలో బుస్సీ సైన్యమూ విజయనగరం బలగమూ కలిసి బొబ్బిలి కోటను నేలమట్టం చేసిన కథ మనకు జానపదుల నోట నిలిచింది. ఆ మరుసటేడు డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఇంగ్లీషువారు ఓడించారు. విజయనగరం రాజు ఆనంద గజపతి ఈసారి ఇంగ్లీషువారి పక్షం. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువారి పరమయింది. ఏ జెండా కింద చూసినా సిపాయి మాత్రం ఈ దేశపు వాడే.

అయితే ఆ సిపాయి నోరులేని పనిముట్టు కాదు. 1780 అక్టోబరులో హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు పోవటానికి ఓడ ఎక్కమన్నప్పుడు, విశాఖపట్నంలో సర్కారు జిల్లాల సిపాయిలు తిరగబడ్డారు. కొందరు ఇంగ్లీషు అధికారులు వాళ్ళ చేతిలో చచ్చారు. 1806 జూలై 10న వేలూరు కోటలో మద్రాసు సిపాయిలు లేచారు. నొసట బొట్టు పెట్టరాదు, గడ్డాలు పెంచరాదు, తోలుముక్క గుచ్చిన కొత్తరకం తలపాగా పెట్టాలి అన్న ఆజ్ఞలు పైకి కనిపించే కారణాలు. టిప్పు కొడుకులు ఆ కోటలోనే బందీలుగా వుండటం మరొక కారణం. వంద మందికి పైగా తెల్ల సైనికులు చనిపోయారు. ఆర్కాటు నుంచి గుర్రపు దళం వచ్చి వందల మంది సిపాయిలను చంపింది. గవర్నరు బెంటింకునూ, సేనాధిపతి క్రడాకునూ లండను వెనక్కు పిలిపించుకుంది. 1857కు యాభై ఏళ్ళ ముందు జరిగిన సంగతి ఇది.

2. జీతానికి ఇచ్చిన జిల్లాలు

రాయలసీమ అనే పేరు 1928 నంద్యాల సభ తర్వాత వచ్చింది. అంతకు ముందు ఆ ప్రాంతం 'దత్త మండలాలు'. ఎవరు ఎవరికి దత్తం చేశారు? ఎందుకు చేశారు? మనలో చాలామంది పాఠశాలలో చదివి మరచిపోయిన ఈ సంగతిలోనే దక్షిణాది సైన్యాల ఆర్థికశాస్త్రమంతా వుంది.

1798లో నిజాముతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ సైన్యం హైదరాబాదులో స్థిరంగా తిష్టవేసింది. దాని ఖర్చుకు నిజాము ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించాలి. పేరుకు అది నిజాముకు రక్షణ. ఆజ్ఞలు మాత్రం కంపెనీవి. రెండేళ్ళకు, 1800 అక్టోబరులో, ఆ సైన్యాన్ని ఇంకా పెంచి, నగదు బదులు భూమినే రాయించుకున్నారు. టిప్పు నుంచి 1792, 1799 యుద్ధాల తర్వాత నిజాము వాటాకు వచ్చిన బళ్ళారి, కడప ప్రాంతాలు అలా కంపెనీకి పోయాయి. అంటే ఈనాటి రాయలసీమలో పెద్ద భాగం ఒక సైన్యం జీతం కింద చేతులు మారింది. అక్కడి రైతును ఎవరూ అడగలేదు.

జీతం భూమి మీద వుంది కాబట్టి భూమి మీద రాబడి ఒక్క రూపాయి కూడా జారిపోకూడదు. 1800లో కలెక్టరుగా వచ్చిన మన్రో ఎనభై మంది పాలెగాళ్ళను అణచి, రైతు నుంచి నేరుగా శిస్తు రాబట్టే పద్ధతి పెట్టాడు. మన్రోను రైతుబాంధవుడిగా మన సీమలో ఈనాటికీ తలుచుకునేవారున్నారు. ఆయన సానుభూతి నిజమే కావచ్చు. కాని ఆయన బల్ల మీద వున్న లెక్క పటాలం జీతాల లెక్క. 1846లో కోయిలకుంట్ల ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు ఆ లెక్క మళ్ళీ బయటపడింది. పాలెగాళ్ళకు కట్టిన పింఛన్లు, రద్దయిన ఇనాములు ఆ తిరుగుబాటుకు మూలం. దాన్ని అణచటానికి వచ్చింది కంపెనీ సైన్యం. 1847 ఫిబ్రవరి 22న ఆయనను వురితీశారు. సీమ పొలం పోషించిన సైన్యమే సీమ మీదకు వచ్చింది.

సర్కారు జిల్లాల కథ కూడా వేరు కాదు. 1758లో ఇంగ్లీషువారిని చేయిచాచి పిలిచిన విజయనగరం వంశానికి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర జవాబు దొరికింది. పేష్కషు బకాయిల తగవులో కంపెనీ సైన్యం రాజు చిన విజయరామరాజునూ ఆయన అనుచరులనూ కాల్చి చంపింది. పిలిచినవాడి ఇంటికే పటాలం రావటానికి ముప్ఫయి ఆరేళ్ళు పట్టింది.

నిజాము గడ్డ మీద రెండో సైన్యం కూడా పుట్టింది. రెసిడెంటు రస్సెలు తయారుచేసిన దళాలు క్రమంగా 'హైదరాబాదు కాంటింజెంటు' అయ్యాయి. సైనికులు నిజాము ఖర్చు, అధికారులు ఇంగ్లీషువారు. జీతాలకు డబ్బు లేకపోతే పామరు కంపెనీ అనే వడ్డీ సంస్థ నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పిచ్చేది. అప్పు తీర్చటానికి నిజాము సర్కారు తాలూకాలను గుత్తకిచ్చేది. గుత్తదారు రైతు వీపు మీద పడేవాడు. తెలంగాణా దేశముఖుల, వడ్డీవ్యాపారుల బలం వెనక ఇలా పేరుకుపోయిన చరిత్ర కొంత వుంది. 1853లో ఆ బకాయిల కిందనే డల్హౌసీ బేరారును రాయించుకున్నాడు. మొదట మనిషికి జీతం, తర్వాత జీతానికి అప్పు, చివరికి అప్పుకు భూమి. సైన్యసహకార పద్ధతి అని పాఠ్యపుస్తకాల్లో చదివే మాటకు ఇంటి అర్థం ఇది.

జంటనగరాల్లో సికింద్రాబాదును పాతవాళ్ళు 'లష్కర్' అంటారు. లష్కర్ అంటే దండు. 1806లో సికందర్ జా పేరు పెట్టుకున్న ఆ వూరు కంపెనీ దండు చుట్టూ ఎదిగింది. అక్కడి ఉజ్జయినీ మహంకాళి బోనాలకు మూలంగా చెప్పుకునే కథ కూడా దండు కథే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో పటాలంతో ఉజ్జయిని వెళ్ళి, కలరా వార్త విని మొక్కుకుని, తిరిగి వచ్చాక అమ్మవారిని నిలిపాడంటారు. పటాలం చరిత్రలో డోలీ బోయీ పేరు ఎక్కడా వుండదు. జనం జ్ఞాపకంలో మాత్రం జనరళ్ళు పోయి అప్పయ్య మిగిలాడు.

3. 'యుద్ధజాతి' కానివాళ్ళు

1857లో మద్రాసు సైన్యం మొత్తం మీద కంపెనీని విడిచిపెట్టలేదు. ఆ జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ల నాయకత్వాన జనం హైదరాబాదు రెసిడెన్సీ మీదకు వచ్చినప్పుడు వాళ్ళ మీద కాల్పులు జరిపినవి మద్రాసు ఫిరంగి దళాలు. 1879లో రంప మన్యం లేచినప్పుడు దాన్ని అణచటానికి ఆరు మద్రాసు పటాలాలు, గుర్రపు దళం, సాపర్లు, చివరికి హైదరాబాదు కాంటింజెంటు వాళ్ళు కూడా దిగారు. విల్లంబులు, నాటు తుపాకులు పట్టుకున్న కొండవాళ్ళ మీద ఇంత బలగం!

ఇంత నమ్మకంగా పనిచేసిన సైన్యానికి దక్కిన బహుమానం ఏమిటి? 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా వున్న రాబర్ట్స్ ఆ తర్వాత దేశం మొత్తానికీ సేనాధిపతి అయ్యాడు. దక్షిణాదివాళ్ళు దీర్ఘకాలపు శాంతిలో పోరాట గుణం పోగొట్టుకున్నారని ఆయన తీర్మానం. 1897లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో కూడా ఆ మాటే సమర్థించుకున్నాడు. మద్రాసు పటాలాలను ఒక్కొక్కటిగా తగ్గించారు. బర్మాలో వున్న కొన్నింటికి పేరు మద్రాసుదే వుంచి మనుషుల్ని గూర్ఖాలతో, పంజాబీలతో నింపారు. ఈనాటి పదో గూర్ఖా పటాలం పుట్టుక పదో మద్రాసు పటాలం నుంచే. తెలుగువాళ్ళను చేర్చుకోవటం దాదాపు ఆగిపోయింది. ప్లాసీ నాడు సిపాయికి పర్యాయపదమైన జాతి, నూటయాభై ఏళ్ళు తిరక్కుండా సైన్యానికి పనికిరానిదయింది!

జాతి రక్తంలో ఇంత మార్పు ఎలా వచ్చింది? రక్తంలో ఏ మార్పూ రాలేదు. మారినవి సామ్రాజ్యపు అవసరాలు. దక్షిణాన జయించవలసిన రాజ్యాలు అయిపోయాయి. భయమంతా వాయవ్య సరిహద్దు మీదకూ, రష్యా మీదకూ మళ్ళింది. పంజాబులో కొత్త కాలువల కింద సైనికులకు భూములు పంచి నమ్మకమైన రైతువర్గాన్ని తయారుచేసుకున్నారు. ఒకచోట సైన్యం కోసం భూమి లాక్కున్నారు, మరోచోట సైనికుడికి భూమి ఇచ్చారు. 'యుద్ధజాతుల సిద్ధాంతం' ఈ రాజకీయానికి తొడిగిన శాస్త్రం ముసుగు. మనలో కూడా కొన్ని కులాలు వీరకులాలనీ కొన్ని కావనీ చెప్పే రచయితలు, తాము ఎవరి సిద్ధాంతాన్ని తిరగరాస్తున్నారో ఒకసారి ఆలోచించుకోవాలి.

1895 నాటి కమాండులు, 1907 నాటి దక్షిణ సైన్యం ఈ నేపథ్యంలో వచ్చాయి. ఇరవయ్యవ శతాబ్దం మూడో దశకంలో సైన్యాన్ని మూడు రకాలుగా విడదీశారు. యుద్ధానికి పోయేది ఒకటి, సరిహద్దు కాసేది ఒకటి, దేశంలో 'శాంతిభద్రతలు' చూసేది మూడోది. ఈ మూడో రకం కాల్బలంలో తెల్ల పటాలాలదే పెద్ద వాటా. జలియన్‌వాలాబాగ్ తర్వాతి రోజులవి. దేశపు సిపాయిని దేశ ప్రజల మీదకు పంపటానికి జంకు మొదలయిందన్నమాట. 1922–24 మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు మీదకు మలబారు ప్రత్యేక పోలీసులనూ, అస్సాం రైఫిల్స్‌నూ రప్పించటంలోనూ ఈ సూత్రమే వుంది. కాల్చేవాడికీ కాల్పులకు గురయ్యేవాడికీ మధ్య భాష తెలియకూడదు. 1928లో మద్రాసు రెజిమెంటును పూర్తిగా రద్దుచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1941లో మళ్ళీ లేపారు. అవసరం రాగానే పోయిన శౌర్యం తిరిగి వచ్చింది!

4. 'పోలీసు చర్య'

స్వాతంత్ర్యం వచ్చాక ఇంగ్లీషు అధికారులు వెళ్ళిపోయారు. 1948లో దక్షిణ కమాండుకు రాజేంద్రసింహజీ సేనాధిపతి. హైదరాబాదు మీద దాడికి మొదటి పథకం మాత్రం ఆయనకు ముందున్న ఇంగ్లీషు జనరలు గొడార్డు గీసిందే. సెప్టెంబరు 13న మేజర్ జనరల్ చౌధురి దళాలు షోలాపూరు వైపు నుంచీ, మరికొన్ని బెజవాడ వైపు నుంచీ సాగాయి. అయిదు రోజుల్లో, సెప్టెంబరు 17న, నిజాము లొంగిపోయాడు. టాంకుల డివిజను నడిపిన ఈ యుద్ధానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. సైన్యాధికారులు 'ఆపరేషన్ పోలో' అన్నారు. జనం 'యూనియన్ సైన్యాలు వచ్చినయ్' అన్నారు. మూడు పేర్లలో జనం పెట్టిందే సూటిగా వుంది.

ఇక్కడ చరిత్రను సులువు చేసుకోకూడదు. నిజాము నిరంకుశత్వం కూలటం, రజాకార్ల దౌర్జన్యం ఆగటం ప్రజలు కోరుకున్నవే. వాటికోసం అంతకు ముందే రెండేళ్ళుగా రక్తమిస్తున్నది తెలంగాణా రైతాంగం. యూనియన్ సైన్యాలకు హారతులు పట్టిన వూళ్ళున్నాయి. సైనిక ప్రభుత్వమే 1949 ఆగస్టులో జాగీర్లను రద్దుచేసింది. ఇవన్నీ నిజాలు.

వాటి పక్కనే నిలబడే నిజాలు కూడా వున్నాయి. భారత ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం 1948 చివర సంస్థానంలో తిరిగింది. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి వుంటారని అంచనా వేసింది. ఎక్కువమంది ముస్లిములు. ఎక్కువగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో. సైనికాధికారుల క్రమశిక్షణను మెచ్చుకుంటూనే, కొన్నిచోట్ల సైనికులూ పోలీసులూ దోపిడీల్లో, నేరాల్లో పాల్గొన్నారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి వెలుగు చూడలేదు.

ఇక తెలంగాణా పల్లెల్లో సైన్యం వెనకే వూరు విడిచిపోయిన దేశముఖులు తిరిగి వచ్చారు. పంచుకున్న భూములు విడవమన్నారు. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచిన పోరాటం అది. సుందరయ్య 1972లో ప్రచురించిన పోరాట చరిత్ర ప్రకారం నాలుగు వేల మంది కమ్యూనిస్టులూ రైతు యోధులూ చనిపోయారు, పదివేల మందికి పైగా మూడు నాలుగేళ్ళు నిర్బంధంలో వున్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా మిలటరీ క్యాంపు పల్లె జీవితంలో భాగమయింది. అయిదు రోజుల చర్యకు మూడేళ్ళ కొనసాగింపు అది. సెప్టెంబరు 17ను ఏమని పిలవాలన్న తగాదా ఈనాటికీ తెగలేదు. 2022లో కేంద్రం విమోచన దినమన్నది, రాష్ట్రం సమైక్యతా దినమన్నది. రెండు పక్షాలూ అయిదు రోజుల దగ్గరే ఆగిపోయాయి.

ఆ తర్వాతి దక్షిణ కమాండ్ చరిత్ర పొడుగైనది. 1961 డిసెంబరులో గోవాను పోర్చుగీసు పాలన నుంచి విడిపించిన సైన్యం దానిదే. అప్పుడు దాని సేనాధిపతి హైదరాబాదు చౌధురే. 1971 డిసెంబరులో రాజస్థాన్ ఎడారిలో లోంగేవాలా దగ్గర నిలిచిందీ దాని సైనికులే. 1987లో శ్రీలంకకు మొదట వెళ్ళిన 54వ డివిజను సికింద్రాబాదు నుంచే బయలుదేరింది. 1990లో తిరిగి వచ్చేనాటికి దాదాపు 1200 మంది భారత సైనికులు ఆ దీవిలో ప్రాణాలు విడిచారు. 2005లో జైపూరు కేంద్రంగా నైరుతి కమాండును ఏర్పరచారు. పటం మళ్ళీ మారింది. ఆ పటం ఎప్పుడు మారినా, పాలకులకు ఏ దిక్కు నుంచి భయం వుందో అది చెబుతూనే వుంది.

5. రచయిత ముందున్న పని

గురజాడ 'కన్యాశుల్కం'లో ఒక హవల్దారు వున్నాడు. దుకాణం దగ్గర బైరాగి వగైరాలతో చేరి కబుర్లాడే చిన్న పాత్ర. మనం నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. కాని ఆ నాటకం రెండో కూర్పు వచ్చిన 1909 నాటికి తెలుగువాడిని సైన్యంలో చేర్చుకోవటం మానేశారు. దండు వున్న విజయనగరంలో కూర్చుని గురజాడ చిత్రించిన ఆ హవల్దారు ఒక అంతరించిపోతున్న మనిషి. ప్లాసీ నుంచి బయలుదేరిన తిలంగా వచ్చి చేరిన చోటు అది. ఒక్క పాత్రలో ఇంత చరిత్ర నిలిచిందంటే, అది చూసిన కన్ను గొప్పది.

ఆ తర్వాత మన సాహిత్యం సైన్యాన్ని ఎక్కువగా ఎదుటి నుంచి చూసింది. తెలంగాణా సాహిత్యంలో క్యాంపు వుంది, చిత్రహింస వుంది, తుపాకి వుంది. అది రాయవలసిందే, ఇంకా రాయవలసిందే. కాని ఆ తుపాకి వెనక నిలబడ్డ మనిషి మన సాహిత్యంలో చాలావరకు ముఖం లేనివాడు. వాడు కూడా ఏదో నేలలో అప్పుల పొలం వదిలి వచ్చినవాడు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వంటి వూళ్ళు తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపుతున్నాయి. ఆ ఇళ్ళలో పింఛను కాగితాలున్నాయి, వుత్తరాలున్నాయి, తిరిగి రాని కొడుకుల కోసం ఏడ్చిన ముసలమ్మల మాటలున్నాయి. జనరళ్ళ జ్ఞాపకాలు అచ్చయి గ్రంథాలయాల్లో భద్రంగా వున్నాయి. ఈ కాగితాలకు మాత్రం చెదలు పడుతోంది.

సైనికుణ్ణి దేవుణ్ణి చేసి హారతి పట్టటం పాలకవర్గ సాహిత్యం పని. రాక్షసుణ్ణి చేసి వదిలేయటం సోమరి సాహిత్యం పని. జీతం, భూమి, తుపాకి ఈ మూడూ ఒక మనిషి బతుకులో ఎలా ముడిపడ్డాయో చూపించటం అభ్యుదయ రచయిత పని. దత్త మండలాల రైతు, మన్యం కోయ, నల్లగొండ కూలీ, వేలూరు సిపాయి, సికింద్రాబాదు డోలీ బోయీ ఒకే చరిత్రలోని మనుషులు. ఇప్పటిదాకా వీళ్ళను విడివిడి అధ్యాయాల్లో చదివాం. వీళ్ళను ఒక్కచోట కూర్చోబెట్టగల నవల తెలుగులో ఇంకా రావలసి వుంది.